సుంకం రాయితీ: బేరం ఎక్కడ జరుగుతుంది?

అందరికీ నమస్కారం. గుంటూరులో నిలబడి పత్తి గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అందుకని ఆ పత్తి టీషర్టు అయ్యాక, పరాయి రేవులో దాని మీద పడే సుంకం గురించి మాట్లాడతాను.

మన నూలుతో తిరుప్పూరులో టీషర్టు కుట్టారనుకోండి. యూరప్‌లో మామూలు డ్యూటీ 12 శాతం. వర్ధమాన దేశాలకిచ్చే జీఎస్పీ రాయితీ దొరికిన రోజుల్లో మనవాళ్లు కట్టింది 9.6. అదే నూలు బంగ్లాదేశ్ వెళ్లి అక్కడ టీషర్టు అయితే? సున్నా. బాగా వెనకబడిన దేశాల సరుక్కి, ఆయుధాలు తప్ప, 2001లో సుంకం ఎత్తేశారు. 2011 నుంచి నూలు, గుడ్డ ఎక్కడివైనా సరే, కుట్టుపని అక్కడ జరిగితే చాలన్నారు. పది డాలర్ల సరుక్కి 96 సెంట్ల తేడా! బయ్యర్ అయిదు సెంట్ల కోసం గీసి గీసి బేరమాడే వ్యాపారమండీ ఇది. నన్నడిగితే, సుంకం శాతం కన్నా ఈ ‘సరుకు ఎక్కడిది’ అన్న నిబంధన దగ్గరే అసలు బేరం ఉంది.

1964లో జెనీవాలో, ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి వేదిక అంక్టాడ్ తొలి సమావేశంలో, అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్ ఈ జీఎస్పీ రాయితీ కోసం గట్టిగా వాదించారు. 1968లో మన ఢిల్లీలోనే సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. అయితే ఒకరికిచ్చిన రాయితీ అందరికీ ఇవ్వాలన్నది, డబ్ల్యూటీఓకి ముందున్న ప్రపంచ వాణిజ్య ఒప్పందం గాట్ మూలసూత్రం. దానికి 1971లో పదేళ్ల మినహాయింపు, 1979లో శాశ్వత అనుమతి వచ్చాయి. అనుమతే గానీ, ఇచ్చి తీరాలన్న బాధ్యత ఎవరి మీదా లేదు. అందుకే 2019 జూన్ 5న అమెరికా మనల్ని తన జీఎస్పీ జాబితాలోంచి తీసేయగలిగింది.

హాంకాంగ్ ఇబ్బంది ఇంకోరకం. అప్పుడది బ్రిటన్ పాలనలోని ప్రాంతం. పేరు జాబితాలో ఉన్నా, 1970లలో యూరప్ పథకం దాని బట్టలకీ చెప్పులకీ వర్తించలేదు. అది బతికేదే బట్టల మీద! విస్తరి వేసి అన్నం వడ్డించనట్టే కదా.

ఇచ్చేవాడి ఇష్టానికీ హద్దుందని ఒకసారి మనమే తేల్చాం. మాదకద్రవ్యాలను అరికట్టే దేశాలంటూ యూరప్ పాకిస్తాన్‌కి అదనపు రాయితీ ఇస్తే, 2002లో ఇండియా డబ్ల్యూటీఓకెక్కింది. ఒకే అవసరమున్న దేశాలన్నిటికీ ఒకే రాయితీ ఇవ్వాలని 2004లో అప్పీలు తీర్పు మనవైపు వచ్చింది. యూరప్ పథకాన్ని మార్చింది. కొత్త షరతులకు ఒప్పుకుని, 2014లో పాకిస్తాన్ మళ్లీ లోపలికొచ్చింది.