ఆ చీకటిని చెరపకండి

అందరికీ నమస్కారం. పాతకాలపు పల్లె బతుకును కళ్లముందు నడిపించి చూపే మ్యూజియంలలో ఫోటోలు ఎలా తీయాలన్నది ఈరోజు విషయం. లెన్సులు, సెట్టింగుల మాట అక్కడక్కడా వస్తుంది. ఎక్కువ సేపు మాత్రం చీకటి గురించే మాట్లాడతాను.

ఈ రకం మ్యూజియంలకు దారి చూపింది స్వీడన్. 1891లో ఆర్టర్ హజేలియస్ స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ తెరిచాడు. దేశం నలుమూలల నుంచి రైతుల ఇళ్లను విప్పించి తెచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టించాడు. అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ 1946లో మొదలైంది. 1790ల నుంచి 1830ల దాకా న్యూ ఇంగ్లండ్ పల్లె ఎలా ఉండేదో అక్కడ చూపిస్తారు. అప్పటి బట్టలు కట్టుకున్న మనుషులు ఉన్ని వడుకుతుంటారు, ఇనుము కాలుస్తుంటారు, పొయ్యి మీద వండుతుంటారు.

మరి ఇందులో ఏది అసలు, ఏది నటన? బట్టలు ఈమధ్య కుట్టినవే. కమ్మరి సాయంత్రం కారెక్కి ఇంటికి పోతాడు. ఇల్లు పాతదే అయినా ఎక్కడి నుంచో తరలి వచ్చి ఉండొచ్చు. కానీ ఆ చిన్న కిటికీలోంచి పడే వెలుతురు మాత్రం నటించడం లేదు. పొయ్యి దగ్గర ఎంత కనబడాలో అంతే కనబడుతుంది, మూల ఎంత చీకటిగా ఉండాలో అంతే ఉంటుంది. అప్పటివాళ్లు కుట్టుపని కిటికీ పక్కనే ఎందుకు పెట్టుకునేవాళ్లో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. మనమేమో లోపలికి వెళ్లగానే ఫ్లాష్ కొడతాం, లేదా ఫోన్‌లో నైట్ మోడ్ నొక్కుతాం. నాలుగు మూలలూ పట్టపగల్లా వెలిగిపోతాయి. ఆ గదిలో ఉన్న ఒకే ఒక్క అసలైన వస్తువును అలా చేజేతులా తుడిచేస్తున్నాం.

కమ్మరి కొలిమినే తీసుకోండి. కొలిమిసాల చీకటిగా ఉండటం వెనక వృత్తి అవసరం ఉంది. ఇనుము ఎంత కాగిందో కమ్మరి రంగును బట్టే పోల్చుకుంటాడు. ముదురు ఎరుపు, నారింజ, పసుపు, ఆపైన తెలుపు. గదిలో వెలుతురు ఎక్కువైతే ఆ తేడాలు కంటికి ఆనవు. అందుకే అక్కడ ఫ్లాష్ వేస్తే రెండు రకాలుగా నష్టం: మీ ఫోటోలో రంగు చస్తుంది, అతని కళ్లు బైర్లు కమ్ముతాయి. చేతిలో ఎర్రగా కాలిన ఇనుము ఉన్న మనిషికి అది మంచిది కాదు. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేసినా చిక్కే. చుట్టూ ఉన్న చీకటి చూసి అది ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి తీసుకునే వెలుతురును, పెంచేస్తుంది, ఇనుము తెల్లటి మచ్చగా తేలుతుంది. హిస్టోగ్రామ్‌లో, అంటే వెలుతురు ఎంత పడిందో కెమెరా చూపే గ్రాఫ్‌లో, ఎరుపు చానల్ విడిగా చూడండి, ముందు పోయేది అదే. అది అంచు దాటకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి, రా ఫైల్‌లో (కెమెరా చూసింది చూసినట్టు దాచే ఫైల్) తీయండి. నిప్పురవ్వలు గీతలుగా రావాలంటే షటర్ 1/30 సెకను, సుత్తి గాల్లో ఆగినట్టు కనబడాలంటే 1/500. నాకైతే మొదటిదే ఇష్టం. రెండోదానిలో సుత్తి ఉంటుంది కానీ దెబ్బ ఉండదు.

రాట్నం దగ్గర కాస్త ఓపిక కావాలి. ఉన్ని వడికే పెద్ద రాట్నం దగ్గర కూర్చోరు, నిలబడి నడుస్తారు. కుడిచేత్తో చక్రం తిప్పి, ఎడమచేత్తో ఉన్ని పట్టుకుని వడికే ఆమె వెనక్కి అడుగులు వేస్తుంటే దారం సాగుతుంది. మళ్లీ ముందుకు వస్తూ ఆ దారాన్ని కదురుకు చుట్టేస్తుంది. చివరి అడుగు దగ్గర, ముందుకు మళ్లేలోపు, ఒక్క క్షణం ఆగుతుంది. చేయి చాచి ఉంటుంది, దారం బిగిసి ఉంటుంది, చక్రం ఇంకా తిరుగుతుంటుంది. షటర్ అప్పుడు నొక్కండి, 1/15 దగ్గర పెట్టి. మనిషి నిలుస్తుంది, చక్రం కరిగిపోతుంది. మొదటిసారే దొరకదు. నాలుగైదు సార్లు ఊరికే చూస్తే ఆ లయ మీకే పట్టుబడుతుంది. చాలామంది ఆమె టోపీని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు, అదో సరదా.

వెలుతురు రంగును కెమెరా తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌ను కూడా నమ్మకండి. వెలుతురు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో కొవ్వొత్తిది సుమారు 1900, అంటే బాగా పసుపు. దాని పసుపును కెమెరా తప్పుగా భావించి సరిదిద్దబోతుంది. పగటి వెలుతురు సెట్టింగ్‌లోనే ఉంచేస్తే కిటికీ చల్లగా, నిప్పు వెచ్చగా, రెండూ ఒకే చిత్రంలో నిలుస్తాయి.

ఇప్పుడు సెపియా సంగతి. పాత పల్లె కదా అని ఫోటోకు గోధుమ రంగు పులమడం అందరికీ అలవాటైపోయింది. స్టర్‌బ్రిడ్జ్ చూపే కాలం 1830లతో ముగుస్తుంది. ఫోటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగెర్ పద్ధతిని లోకానికి వెల్లడించింది 1839లో. అంటే ఆ పల్లె మనుషుల రోజువారీ బతుకుకు ఫోటోలే లేవు, సెపియావీ లేవు, ఇంకేవీ లేవు. నీలిమందు, మంజిష్ఠ అద్దకాల బట్టలు వాళ్లవి. రంగుల్లో బతికిన వాళ్లకు రంగు తీసేసి పాతదనం అంటగడుతున్నాం.

కెనడాలోని అప్పర్ కెనడా విలేజ్ లాంటి చోట అయితే నలుపు తెలుపుకు ఒక సమర్థన ఉంది. అది 1860ల కాలాన్ని చూపుతుంది, అప్పటికి కొలోడియన్ అనే జిగురులాంటి రసాయనం పూసిన గాజు పలకల మీద ఫోటోలు తీస్తున్నారు. కానీ ఆ పలకకు ఎరుపు కనబడదు, నీలమే కనబడుతుంది. ఎర్ర శాలువా దాదాపు నల్లగా, నీలాకాశం తెల్లగా వచ్చేది. సరదాగా చేయాలనుకుంటే కంప్యూటర్లో ఎరుపు దించి, నీలం పెంచండి. గోధుమ ఫిల్టర్ కంటే అదే నిజానికి దగ్గర.

గోడకు వేలాడే మంటలార్పే సిలిండర్‌ను ఏం చేయాలని తరచూ అడుగుతారు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ 1910 ప్రాంతంలో పీగన్ అనే అక్కడి ఆదివాసీ తెగ మనుషులు ఇద్దరిని వాళ్ల గుడారంలో ఫోటో తీశాడు. వాళ్ల మధ్యన ఒక గడియారం ఉంది. ముద్రించిన చిత్రంలో దాన్ని మాయం చేశాడు. వాళ్లు గడియారం వాడుతున్నారన్న సంగతి చరిత్రే కదా, అది పోయింది. మన సిలిండర్ అంత పెద్ద విషయం కాదు. రెండడుగులు పక్కకు జరిగితే ఫ్రేమ్ బయటికి పోతుంది. జరగడానికి వీల్లేకపోతే ఉండనివ్వండి. సాఫ్ట్‌వేర్‌తో చెరపడం నాకు నచ్చదు, కానీ దాని మీద పోట్లాటకు దిగను.

పోట్లాడేది క్యాప్షన్ మీద. కింద ఏమీ రాయకుండా వదిలేస్తే, నాలుగు చేతులు మారేసరికి ఆ ఫోటో అసలు 1830లదే అయిపోతుంది. మ్యూజియం పేరు, తీసిన సంవత్సరం, చూపుతున్న కాలం, ఈ మూడూ ఫైల్‌లోనే రాసి పెట్టండి. పాత్రలో ఉన్నవాళ్లు కూడా ఉద్యోగులే, దగ్గరగా ముఖం తీయాలంటే అడిగి తీయండి. ట్రైపాడ్ తేవచ్చో లేదో, ఫోటో అమ్ముకోవచ్చో లేదో మ్యూజియానికో నియమం ఉంటుంది. బయల్దేరే ముందే కనుక్కోండి.