పక్కవాళ్లను వినడం కూడా పాఠమే

ఈ సంగీత, నాట్య పాఠశాల సభకు నమస్కారం. గురువులకు, తల్లిదండ్రులకు వందనాలు. పొద్దుటి నుంచీ ప్రోగ్రాం టెన్షన్‌తో ఉన్న పిల్లలకు ఆశీస్సులు.

నేను వయొలిన్ వాయిస్తాను. కచేరీల్లో ఎక్కువగా పక్కవాద్యమే, అంటే పాడేవారికి తోడుగా వాయించడమే. అందుకే ఆ వైపు నుంచి కనిపించే సంగతులు నాలుగు మీ ముందు పెడతాను. మనం పిల్లలకు పాడటం నేర్పుతున్నాం, ఆడటం నేర్పుతున్నాం. వేదిక మీద తమతో ఉన్నవాళ్లను వినడం మాత్రం నేర్పడం లేదు. స్టేజీ ఎక్కాక అదే వస్తుందిలే అనుకుంటున్నాం. అలా రాదండీ.

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి, దాని దగ్గరే మొదలుపెడదాం. మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, అటూ ఇటూగా. వయొలిన్ అయితే తంత్రులు బిగించో వదులు చేసో సర్దుకుంటాం. మృదంగానికి అది కుదరదు. ఆ శ్రుతికి తగిన మృదంగమే తెచ్చుకోవాలి. ఎడమ వైపు మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్ది, కుడి మూత అంచును రాయితోనూ కొయ్యముక్కతోనూ చుట్టూ తట్టుకుంటూ షడ్జం, అంటే ఆధార స్వరం 'స', పలికించాలి. ఏసీ హాల్లోకి వచ్చాక అది మళ్లీ మారుతుంది. ఆ కాసేపూ పాడే పిల్ల ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ పది నిమిషాలూ కళ్లు మూసుకుని శ్రుతి వింటే ఆమె గొంతు కూడా మృదంగంతో పాటే సర్దుకుంటుంది కదా!

ఇక తాళం. త్యాగరాజస్వామి హంసనాదంలో చేసిన 'బంటురీతి' పిల్లలందరికీ వచ్చు. అది దేశాది అనే తాళంలోది. ఇప్పుడు ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆది తాళం వేసుకుని పాడుతున్నాం, కాబట్టి మొదటి దెబ్బ పడ్డాక ఒకటిన్నర అక్షరాలు ఆగి 'బంటు' అని ఎత్తుకోవాలి. మధ్యలో స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం, చేసినప్పుడు కూడా తిరిగి దిగాల్సింది సమంలో, అంటే మొదటి దెబ్బ మీద, కాదు, ఆ ఒకటిన్నర దగ్గరే. ఇంట్లో ఒంటరిగా పాడుకునే పిల్లలు దీన్ని లెక్కగా నేర్చుకుంటారు. పక్కన మృదంగం వాయించే మరో పిల్లవాడుంటే ఆ లెక్క ఒంట్లోకి వస్తుంది. ఎందుకంటే ఆ ఒకటిన్నర అక్షరాల ఖాళీని అతను కూడా కాచుకుని ఉంటాడు. ఇద్దరూ కలిసి దిగినప్పుడు కలిగే ఆనందం ఒక్కసారి రుచి చూస్తే, ఇక ఆ పిల్లలను సాధన చెయ్యమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాట ఆగి మృదంగం తన విద్య చూపే తని ఆవర్తనం మొదలుకాగానే హాల్లో సగం మంది కాఫీకి లేచిపోవడం మనకు అలవాటైపోయింది. పిల్లలు కూడా అదే చూసి నేర్చుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ ఒకటే నియమం పెట్టాను: తని అయిపోయేదాకా కూర్చుని చేతితో తాళం వెయ్యాలి. మృదంగ విద్వాంసుడు ముక్తాయింపు, అంటే ముగింపు వరుస, మూడుసార్లు వాయించి సరిగ్గా పాట ఎత్తుగడకు చేరుస్తాడు. గాయకుడి తాళం జారితే అంత కష్టమూ వృథా. తాళం నిలబెట్టడం గాయకుడు చేసే ఉపకారమేమీ కాదు, అది అతని బాధ్యత.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. విజయవాడలో సంగీత గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు ఒక్క గాత్రానికే పరిమితం కాలేదు. వారిలో ఒకరైన బాలమురళీకృష్ణగారు గాత్రంతో పాటు వయొలిన్, వయొలా, మృదంగం, చిన్న డప్పు లాంటి కంజీర వాయించారు. ఇతరుల కచేరీలకు వయొలిన్ సహకారం అందించారు. అటుపక్క ఎలా ఉంటుందో తెలిసిన గాయకుడు ఆయన. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు హరికథకులు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ఆయన తర్వాత 1936లో ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. పక్కవాద్యమని మనం పిలిచే వాద్యానికి ఆ ఊరు ఇచ్చిన గౌరవం అది.

నాట్యం నేర్చుకునే పిల్లలకు ఈ విషయం ఇంకా ముఖ్యం. సత్యభామ కథను ఆడే కూచిపూడి భామాకలాపం తీసుకోండి. చేతి తాళాలు పట్టుకుని నట్టువాంగం చేసే, అంటే లయ చెబుతూ ఆటను నడిపించే, సూత్రధారుడే సత్యభామకు చెలికత్తె మాధవి కూడా. 'నీవెవరమ్మా' అని అడిగేది ఆయనే, అడుగులకు తగ్గ జతులు పలికేదీ ఆయనే. సత్యభామ తన దరువు, అంటే పాత్ర పాట, తానే పాడుతుంది, సంభాషణ తానే చెబుతుంది. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా ఆడిన సంప్రదాయం అది. ఎదుటివాడు మాట సాగదీస్తే నిలవాలి, తుంచేస్తే అందుకోవాలి. పాట, మాట, ఆట ఇన్ని ఒకరినొకరు చూసుకుంటూ నడిచే ప్రదర్శన ఇంకెక్కడుంది?

ఇప్పుడు పోటీలకు పిల్లలు రికార్డు చేసిన పాటను పెన్‌డ్రైవ్‌లో పట్టుకొస్తున్నారు. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య రాసిన పదం, అంటే శృంగార గీతం, చేస్తున్నారనుకోండి. ఒక్క పాదానికి నాయిక అలకా చూపొచ్చు, ఎదురుచూపూ చూపొచ్చు, పాత జ్ఞాపకమూ చూపొచ్చు. గాయని ఆ పిల్ల కళ్లు చూస్తూ అదే పాదాన్ని కొత్త సంగతితో, అంటే రాగంలో కొత్త మలుపుతో, మళ్లీ పాడుతుంది, మృదంగం నెమ్మదిస్తుంది. ట్రాక్‌లో నాలుగుసార్లే ఉంటే నాలుగుసార్లే. ఐదో భావం తోచినా దాన్ని మింగేసుకోవాలి. తోచకపోయినా నాలుగోసారి ఏదో ఒకటి చెయ్యాలి. ఏళ్ల తరబడి ఇలా ఆడిన పిల్లకు తోచడమే మానేస్తుందని నా భయం.

ఆర్కెస్ట్రా ఖర్చు నాకు తెలుసు. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు అందరినీ పిలిచి, రిహార్సల్స్ చేయించి, దారి ఖర్చులిచ్చి పంపడం మధ్యతరగతి ఇంటికి మోయలేని భారమే. అందుకని రికార్డు వాడొద్దని నేను అనను. తంబురా యాప్ కూడా నా ఫోన్‌లోనే ఉంది, రోజూ వాడతాను.

కానీ ఈ బళ్లోనే గాత్రం క్లాసు ఒక గదిలో, మృదంగం పక్క గదిలో, నాట్యం పై అంతస్తులో జరుగుతున్నాయి. మధ్యలో ఉన్నది గోడే కదా! వారానికి ఒక సాయంత్రం మూడు క్లాసులనూ ఒకే హాల్లో కూర్చోబెట్టండి. వర్ణం అనే సాధన రచన వచ్చిన పిల్ల పాడుతుంది, రెండేళ్లు మృదంగం నేర్చినవాడు వాయిస్తాడు, నాట్యం పిల్లలు ఆడతారు. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. మరుసటి వారం పాత్రలు మార్చండి. ఆడే పిల్ల చేతికి తాళాలిచ్చి నట్టువాంగం చెప్పించండి. వచ్చే వార్షికోత్సవంలో కనీసం ఒక్క అంశమైనా ట్రాక్ లేకుండా మన పిల్లల వాద్యాలతోనే చేయించండి. ఆహ్వాన పత్రికలో ఆడే పిల్ల పేరు ఏ సైజులో వేస్తారో వాయించే పిల్లవాడి పేరూ అదే సైజులో వెయ్యండి. ఆ సాయంత్రాల్లో నెలకొక రోజు నేను వయొలిన్ తీసుకుని వస్తాను. శనివారాలు నాకు వీలు.