ఫురోషికి రివ్యూ: గుడ్డ కన్నా ముడి ముఖ్యం

నమస్కారం. ఈ రోజు రివ్యూ రెండు గుడ్డ ముక్కల గురించి. జిప్పు లేదు, గుండీ లేదు. జపాన్ వాళ్లు వస్తువులు మూటగట్టుకునే చదరపు గుడ్డ, ఫురోషికి ఇది. రెండూ నూలువే. చిన్నది 70 సెంటీమీటర్లు, పెద్దది 105. నెల రోజులుగా వాడుతున్నాను.

ఫురో అంటే స్నానం, షికి అంటే పరిచేది. స్నానశాలలో విప్పిన బట్టలను ఇందులో మూటగట్టేవారు. స్నానం అయ్యాక ఇదే పరిచి, దాని మీద నిలబడి బట్టలు కట్టుకునేవారట. జపాన్‌లో ఎడో యుగంలో (1603-1868) ఊరూరా స్నానశాలలు వచ్చాక ఈ పేరు స్థిరపడింది.

మా అమ్మ చూసి, "మూటే కదా, దీనికి డబ్బులు పోశావా?" అన్నది. మూటే, కాదనను. కానీ మనం బిగించిన ముడిని విప్పాలంటే ఒక్కోసారి పళ్లు కావాలి. వీళ్ల ముడి చూడండి. పేరు "మా-ముసుబి". మొదటి మెలికలో పైకి వచ్చిన కొసనే రెండోసారీ పైన ఉంచి కట్టాలి. ముడి చెవులు, అంటే బయటికి మిగిలిన కొసలు రెండూ అడ్డంగా పడుకుంటే సరిగ్గా వచ్చినట్టు. నిలువుగా నిలబడ్డాయా, జారిపోతుంది. విప్పి మళ్లీ కట్టండి. ఇప్పుడు ఒక చెవిని, అదే వైపు గుడ్డను పట్టుకుని తిన్నగా లాగుతున్నాను. రెండో కొస దాని చుట్టూ ఉంగరంలా మారింది. జరిపితే వచ్చేసింది! ఇది నేర్చుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

చిన్నదానిలో టిఫిన్ డబ్బా, పుస్తకాలు, బహుమతి పెట్టె చక్కగా ఒదుగుతాయి. కూరగాయల సంచి చేద్దామనుకుంటే మాత్రం చాలదు. అందుకు పెద్దదే తీసుకోండి. త్రికోణంగా మడిచి, మడత రెండు చివర్లలో ఒక్కో ముడి వేసి, తిరగేసి, మిగిలిన రెండు కొసలు కలిపి కట్టండి. సంచి తయారు. పుచ్చకాయ మోశాను, ఊడలేదు. రెండు సీసాలను అడుగులు ఎదురెదురుగా, మధ్యలో జాగా వదిలి పడుకోబెట్టి, చుట్టి నిలబెడితే దారిలో ఒకదానికొకటి తగలవు.

లోపాలున్నాయి. ముదురు రంగుది మొదటి ఉతుకులో రంగు వదిలింది, విడిగా ఉతకండి. పట్టు, పాలియెస్టర్ రకాలు నునుపు. కొత్తవాళ్లకు ముడి నిలవడం కష్టం. నూలుతో మొదలుపెట్టడం మేలు.

ఒక్క మాట. నేను ముచ్చటపడి కొన్న ఈ ఆకుపచ్చ లతల నమూనా పేరు కరాకుసా. జపాన్ హాస్య కథల్లో దొంగ వీపున ఉండే మూట ఇదేనని కొన్నాక తెలిసింది.