నలుగురి టేబుల్ మీద ఎవరిని కొట్టాలి?

అందరికీ నమస్కారం. రిచర్డ్ గార్ఫీల్డ్ 1993లో తెచ్చిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డుల ఆటని మనలో చాలామంది ఇద్దరి ఆటగానే నేర్చుకున్నాం. ఈ రోజు మాట్లాడబోయేది అందులోనే కమాండర్ అనే పద్ధతి గురించి. మామూలుగా నలుగురు ఆడతారు, ఒక్కొక్కరికి 100 కార్డుల డెక్, 40 లైఫ్ (అది సున్నా అయితే అవుట్). రూల్స్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఇద్దరి ఆటలో అలవాటైన లెక్కలు ఇక్కడ ఎందుకు తప్పుతాయో, అది చెబుతాను.

లైట్నింగ్ బోల్ట్ కార్డునే తీసుకోండి. ఒక్క మానాకి (ల్యాండ్ కార్డులిచ్చే శక్తి, అది కట్టే కార్డులు వేస్తాం) మూడు డ్యామేజ్. అవతలివాడికి 20 లైఫే ఉన్నప్పుడు అది గట్టి దెబ్బ. కమాండర్‌లో ఎదుట ముగ్గురు, కలిపి 120 లైఫ్. అక్కడ మూడు ఏ మూలకి? అదే 12 మానా కూడబెట్టి ఎగ్జాంగ్వినేట్ వేశారనుకోండి, ముగ్గురికీ పదేసి పోతాయి, మీకు ముప్పై వస్తాయి. ఒక కార్డు ఎంతమందికి తగులుతుందో ముందు చూడాలి.

క్రీచర్‌ని, అంటే పోరాడే కార్డుని, తీసేయడంలోనూ అంతే. నేనొక కార్డు ఖర్చుపెట్టి మీ క్రీచర్‌ని తీసేస్తే నాకొకటి, మీకొకటి పోయాయి. పక్కనున్న ఇద్దరికీ ఏమీ పోలేదు. పిల్లుల తగవులో రొట్టె కోతికి దక్కినట్టే.

ఒక సందర్భం చూద్దాం. మీ చేతిలో క్రీచర్‌ని తీసేసే స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ ఉంది, ఒక తెల్ల మానా మిగుల్చుకున్నారు. ఎదురుగా ఉన్నవాడు 8/8 డ్రాగన్‌ని (ఒక దెబ్బకి ఎనిమిది డ్యామేజ్) దింపాడు. కొత్తవాళ్లు అయితే టెన్షన్ పడి వెంటనే వేసేస్తారు. ఆగండి. అది మీ మీదికే రావాలని ఎక్కడుంది? మీది ఇన్‌స్టంట్, అటాక్ చెప్పాక కూడా వేయొచ్చు. డ్రాగన్ వేరేవాళ్ల మీదికి పోతే మీ కార్డు ఖర్చు కాకుండానే ఒక ప్రత్యర్థికి ఎనిమిది లైఫ్ పోయింది. మీ మీదికే వచ్చినా ఇంకా 32 ఉంటాయి. అయితే ఆ డ్రాగనే అతని కమాండర్ (డెక్‌కి నాయకుడిగా ఎంచుకున్న క్రీచర్) అయితే ఇంత తీరిగ్గా కూర్చోలేం. ఒకే కమాండర్ చేతిలో 21 కాంబాట్ డ్యామేజ్ తింటే లైఫ్ ఎంతున్నా అవుటే. ఎనిమిది చొప్పున మూడు దెబ్బలు చాలు. తీసేసినా అది కమాండ్ జోన్‌కి (కమాండర్‌ని విడిగా ఉంచే చోటికి) వెళ్లి, రెండు మానా ఎక్కువ కట్టి మళ్లీ వస్తుంది. మీరు కొన్నది కాస్త టైమ్ మాత్రమే.

ఇక నాకు బాగా ఇష్టమైన సంగతి, కూర్చున్న వరుస. ఒకడు ఆట గెలిపించే స్పెల్ వేశాడు. జవాబిచ్చే అవకాశం అతని ఎడమ పక్కవాడికి ముందు వస్తుంది, అలా తిరిగి కుడి పక్కవాడి దగ్గర ఆగుతుంది. మొదటివాడి దగ్గర ఆ స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ ఉన్నా 'నేను పాస్' అని ఊరుకోవచ్చు, తర్వాతి ఇద్దరిలో ఎవరో ఒకరు ఆపుతారులే అని. చివరివాడికి ఆ సౌకర్యం లేదు. తన వెనకాల ఎవరూ లేరు, ఉంటే వేసి తీరాలి. మరి మొదటివాడు మీరే అయితే? చాలామంది ఎదుటివాళ్ల ముఖాలు చూస్తారు. ముఖాలు నమ్మకండి, ల్యాండ్లు చూడండి. చివరివాడి దగ్గర రెండు నీలం ల్యాండ్లు ట్యాప్ కాకుండా (వాడేయకుండా) ఉంటే కౌంటర్‌స్పెల్‌కి అవి చాలు, పాస్ చెప్పే ధైర్యం చేయొచ్చు. మిగతా ఇద్దరి ల్యాండ్లూ ట్యాప్ అయిపోయి ఉంటే ఆ భారం మీదే, మారు మాట్లాడకుండా వేసేయండి.

ఇంకొకటి, మొదటి టర్న్‌లోనే అదనపు మానా ఇచ్చే సోల్ రింగ్ దించినవాడి మీద ముగ్గురి కన్నూ పడుతుంది. దించొద్దని కాదు, దించాక కాస్త అణిగిమణిగి ఉండాలి. మొదటి గంటలో రెండో స్థానమంత సుఖం ఇంకెక్కడా లేదు.

బేరాలు ఆడండి, తప్పులేదు. 'ఈ టర్న్ నీ మీదికి రాను, ఆ ఎన్‌చాంట్‌మెంట్ నువ్వు తీసేయ్' లాంటివి ఒక టర్న్ వరకే పెట్టుకోండి. మాట తప్పినవాడిని రూల్స్ ఏమీ చేయవు. వచ్చేవారం అదే నలుగురు మళ్లీ కూర్చుంటారు కాబట్టి మాట నిలబెట్టుకోవడమే లాభం.

చచ్చేముందు చేతిలో కార్డు మిగిలితే ఎవరి మీద వేయాలని తరచూ అడుగుతుంటారు. నన్నడిగితే, దాని సంగతి ముందే చెప్పేయాలి: 'నా మీదికొస్తే ఇది నీ డ్రాగన్ మీదే.' అటాక్‌కి ముందు చెబితే వాడు ఇంకోవైపు తిరిగే అవకాశం ఉంది. దాచుకుని ఆఖరి క్షణంలో కసితీరా వేస్తే మీరెలాగూ అవుటే, లాభం మాత్రం మిగిలిన ఇద్దరికీ పోతుంది.