అరవలేదు కదా అన్నారు

శ్రోతలకు నమస్కారం.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్. అన్న పెట్టిన ఫిర్యాదు మీద వాంగ్మూలం ఇవ్వడానికి ఓ ఆదివాసీ కూలిపిల్ల వచ్చింది. పదహారేళ్లు దాటని వయసు. రాతపని అయ్యాక అందరినీ పంపేశారు, ఆ పిల్లను మాత్రం ఉండమన్నారు. అన్న, వెంట వచ్చినవాళ్లు బయట ఎదురుచూస్తూనే ఉన్నారు. లోపల లైట్లు ఆరిపోయాయి, తలుపు మూసుకుంది. స్టేషన్లోనే తనపై అత్యాచారం జరిగిందని ఆ పిల్ల బయటకొచ్చి చెప్పింది.

ఒంటి మీద గాయాల్లేవని, కన్నెపొర చిరుగులు పాతవని డాక్టరు రాశారు. ఆ కాగితం పట్టుకుని సెషన్స్ కోర్టు ఆమెకు ఇది అలవాటేనంది, అబద్ధాలకోరంది. భయపడి లొంగితే ఒప్పుకున్నట్టు కాదని హైకోర్టు ఇద్దరు పోలీసులకూ శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గాయాలు లేవు కాబట్టి అది ప్రశాంతంగానే జరిగిందని, సాయం కోసం అరిచాననడం అబద్ధమని రాసింది. ప్రశాంతంగా! ఆ మాట ఎప్పుడు చదివినా నాకు కడుపు రగిలిపోతుంది.

మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. స్టేషన్లో ఇద్దరు పోలీసుల మధ్య చిక్కిన పిల్ల ఎవరిని పిలవాలి, ఎవరు వస్తారని అడిగారు. ఆ లేఖతో దేశమంతా మహిళలు వీధుల్లోకి వచ్చారు.

మన హైదరాబాద్‌లోనూ 1978లోనే నల్లకుంట స్టేషన్లో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్తను కొట్టి చంపారు. విచారణ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాళ్లు చేసిందేమిటి? ఆమె నడవడిక మంచిది కాదని సాక్షులను తెచ్చారు. కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కేసు రాయచూరుకు మారింది, 1981లో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో సంబంధం జరిగిందని రుజువై, స్త్రీ తనకు ఇష్టం లేదని చెబితే కోర్టు ఆ మాటనే ముందు నమ్మాలి. ఎదురు తిరగలేదంటే ఒప్పుకున్నట్టు కాదని 2013లో చట్టంలోనే రాశారు.

ఆ డాక్టరు కాగితం కథ మాత్రం ముగియలేదు. యోనిలోకి వేళ్లు పెట్టి 'అలవాటు' తేల్చే రెండువేళ్ల పరీక్ష అత్యాచారానికి గురైన స్త్రీ గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో అంది. 2022 అక్టోబరులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి ఆ పరీక్ష చేసినవాళ్లను తప్పు చేసినట్టుగానే చూస్తామని. ఈ తొమ్మిదేళ్లలో ఆ బల్ల మీద పడుకున్న ఆడపిల్లలకు, కోర్టు ఎప్పుడో వద్దంది అని ఎవరు చెప్పారు?