అయస్కాంతం తుప్పు పట్టిన ఉప్పునీటి ట్యాంకు: పాలీ-ఫిల్టర్, కాపర్ కిట్, కార్బన్‌ల రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ ముక్కను కాస్త దగ్గరగా చూడండి. మా ఇంట్లోని 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో రెండేళ్లు తిరిగిన వేవ్‌మేకర్‌ను (నీటిలో అలలు పుట్టించే మోటారు పంపును) అద్దానికి పట్టి ఉంచిన అయస్కాంతం ఇది. ప్లాస్టిక్ తొడుగు అంచున వెంట్రుకంత సన్నని పగులు ఉంది. దాని మీద వేలు పోనిస్తే మధ్యలో ఉబ్బినట్టు తగులుతుంది, తెల్లగుడ్డతో తుడిస్తే ఇటుకరంగు మరక అంటుతుంది. మోటారు మాత్రం చివరి రోజు వరకు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. అందుకే దీన్ని అనుమానించడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

మొదట జోయాంథిడ్ పగడాలు ముడుచుకుపోయాయి. తరువాత నత్తలు అద్దం మీది పట్టు వదిలి ఇసుకలో పడ్డాయి, క్లీనర్ రొయ్య చనిపోయింది. క్లౌన్‌ఫిష్ జంట మాత్రం ఎప్పటిలాగే మేత కోసం పైకి వస్తూనే ఉంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, ఉప్పదనం చూపే హైడ్రోమీటర్ రీడింగ్ 1.025, అంటే అన్నీ సరిగానే ఉన్నాయి. ఇలా చేపలు బాగానే ఉండి వెన్నెముక లేని జీవులు మాత్రమే ఒకదాని వెంట ఒకటి నీరసిస్తుంటే, ముందుగా లోహాన్ని అనుమానించాలి. చేపల జబ్బులకు మందుగా వాడే రాగి మోతాదు రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం.

ఈ అయస్కాంతాలను నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేస్తారు. ఆ మిశ్రమానికి తుప్పు చాలా త్వరగా పడుతుంది కాబట్టి సాధారణంగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూత వేసి, దాని మీద ప్లాస్టిక్ గానీ ఎపాక్సీ గానీ తొడుగుతారు. తొడుగులో ఒక్క పగులు వస్తే చాలు, ఉప్పునీరు లోపలికి దిగి పూతను తినేస్తుంది, తుప్పు ఉబ్బి పగులును ఇంకా తెరుస్తుంది, ఆ లోహాలన్నీ నీటిలో కలుస్తాయి. నీటిని ఫిల్టర్ నుంచి ట్యాంకులోకి తిరిగి పంపే రిటర్న్ పంపు ఇంపెల్లర్‌లోనూ (తిరిగే రెక్కల చక్రంలోనూ), అద్దం తుడిచే మాగ్నెట్‌లోనూ ఇదే ప్రమాదం ఉంటుంది. వెతకడానికి నీటిలో చెయ్యి పెట్టే ముందు ట్యాంకుకు వెళ్లే ప్లగ్గులన్నీ తీసేయండి, ఎందుకంటే తొడుగు పగిలిన పరికరంలో కరెంటు కూడా నీటిలోకి దిగి ఉండవచ్చు.

ఇక వాడిన వస్తువుల సంగతి. రంగు మారడాన్ని చూసి చెప్పే మామూలు కాపర్ టెస్ట్ కిట్ ఈ పనికి నాకు ఉపయోగపడలేదు. చేపలకు రాగి మందు వేసినప్పుడు మోతాదు సరిచూసుకోవడానికి అది మంచిదే. అయితే సహజమైన సముద్రజలంలో రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు, కిట్ కంటికి చూపించగలిగే స్థాయి అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక కిట్‌లో సున్నా వచ్చిందని ధైర్యపడకండి. కచ్చితంగా తెలియాలంటే నీటి నమూనాను ఐసీపీ పరీక్షకు (అతి తక్కువ లోహాన్ని కూడా కొలిచే ప్రయోగశాల పరీక్షకు) పంపాలి. ఫలితం వచ్చే వరకు చేతులు కట్టుకుని కూర్చోలేము కాబట్టి చికిత్స ముందే మొదలుపెట్టాలి.

నన్ను నిజంగా ఆదుకున్నది పాలీ-ఫిల్టర్. తెల్లని దూదిపలకలా కనిపించే ఈ ప్యాడ్ తాను పట్టుకున్నదాన్ని బట్టి రంగు మారుతుంది: రాగి అయితే నీలం, ఇనుము అయితే నారింజ, మామూలు సేంద్రియ మలినాలైతే గోధుమ రంగు. ఇప్పుడు తెర మీద ఉన్నది నా మొదటి ప్యాడ్. నీరు తగిలిన అంచు నుంచి లోపలికి నారింజ రంగు పాకడం స్పష్టంగా తెలుస్తోంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. దీన్ని సంప్‌లో (ట్యాంకుకు అనుబంధంగా ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఒక మూల పడేస్తే నీరు పక్కనుంచి జారిపోతుంది, ప్యాడ్ తెల్లగానే ఉంటుంది, నీటిలో ఏమీ లేదని మనం పొరబడతాం. నీరంతా దాని గుండానే వెళ్లేలా ఫిల్టర్ అరలో అంచులు ఆనేలా కోసి బిగించండి. ధర ఎక్కువే, మా దగ్గరి దుకాణాల్లో దొరకనూ లేదు. అయినా ఒక ప్యాడ్ ఇంట్లో ముందే తెచ్చి ఉంచుకోమనే చెబుతాను, ఎందుకంటే ఆన్‌లైన్‌లో అది చేరడానికి పట్టిన నాలుగు రోజుల్లో నేను మరో మూడు నత్తలను పోగొట్టుకున్నాను.

యాక్టివేటెడ్ కార్బన్ లోహాలను అంతగా పట్టుకోదు. పగడాలు ఒత్తిడిలో వదిలే విషపదార్థాలను తీసేస్తుంది కాబట్టి దానినీ వేశాను.

నీళ్లు మార్చడం తప్పనిసరి. కానీ లెక్క చూడండి: 25 శాతం చొప్పున నాలుగుసార్లు మార్చినా మొదటి విషంలో సుమారు 32 శాతం మిగిలే ఉంటుంది, అదీ అయస్కాంతాన్ని బయటికి తీసేసిన తరువాతే. కొత్త నీటికి ఆర్‌ఓ-డీఐ శుద్ధి యంత్రం నుంచి టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) సున్నా చూపే నీటినే వాడాను. ఉప్పు కలిపే డ్రమ్ముకు ఇత్తడి కుళాయి ఉంటే మార్చేయండి, ఇత్తడిలో ఉన్నదే రాగి.

నేను వేసిన రెండో ప్యాడ్ మూడు వారాల తరువాత కూడా లేత గోధుమ రంగు దాటలేదు, జోయాంథిడ్‌లు సగానికి పైగా విచ్చుకున్నాయి. రాళ్లు, ఇసుక పీల్చుకున్న రాగి నెమ్మదిగా మళ్లీ నీటిలోకి రావచ్చు కనుక కొత్త రొయ్యను ఇంకా తేలేదు. మరో నెల ఆగి, ముందు ఒక్క నత్తను వదిలి చూస్తాను.