ఎలియొనోరా బొమ్మలో గౌను కథ

[స్క్రీన్ మీద పూర్తి చిత్రం]

ఈ బొమ్మలో మీ కన్ను ముందు ఎక్కడ ఆగింది? మొహం దగ్గరైతే కాదు, పందెం. గౌను దగ్గరే. తెల్ల పట్టు మీద నల్లటి తీగలు, సరిగ్గా గుండెల మీద బంగారు జరీతో పెద్ద దానిమ్మకాయ. కొత్త కంచిపట్టు చీర కుచ్చిళ్లు మన మాట వినకుండా బిర్రుగా నిలబడతాయే, అచ్చం అలా ఉంది ఆ బట్ట.

ఈవిడ ఎలియొనోరా. పుట్టింది స్పెయిన్‌లో, పెరిగింది నేపుల్స్‌లో, ఎందుకంటే వాళ్ల నాన్న అక్కడ చక్రవర్తి ఐదో చార్లెస్ తరఫున వైస్రాయ్. 1539లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌ని ఏలే డ్యూక్, మెడిచీ వంశపు కోసిమోకి ఇచ్చి పెళ్లి చేశారు. 1545 ప్రాంతంలో ఆస్థాన చిత్రకారుడు బ్రాంజీనో చెక్క పలక మీద నూనె రంగులతో ఈ బొమ్మ వేశాడు.

ఇంత ఆర్భాటం ఎందుకంటారా? 1537లో ముందున్న డ్యూక్‌ని సొంత బంధువే చంపేశాడు, దాంతో మెడిచీల్లోనే వేరే శాఖ నుంచి పదిహేడేళ్ల కోసిమోని తెచ్చి కూర్చోబెట్టారు. అలా గద్దెనెక్కినవాడికి టెన్షన్ ఉండదా మరి! మాకు డబ్బుంది, స్పెయిన్ అండ ఉంది, వంశం నిలబెట్టే మగపిల్లలున్నారు అని అందరికీ తెలియాలి, అదీ నోటితో చెప్పకుండా.

[గౌను మీదకి జూమ్]

అందుకే ఆ ముత్యాలు, సంతానానికి గుర్తుగా దానిమ్మ, పక్కన రెండేళ్ల కొడుకు జొవాన్నీ. వెనకున్న నీలం కూడా మామూలుది కాదు, అఫ్గానిస్తాన్ నుంచి తెచ్చిన లాపిస్ లాజులీ రాయిని నూరి చేసిన రంగు. ఆవిడ మొహంలో ఏ భావమూ లేదని కొందరు విసుక్కుంటారు గానీ, నాకైతే అది కావాలనే అలా వేసినట్టు అనిపిస్తుంది, దొరసాని మనసులో ఏముందో జనానికి ఎందుకు తెలియాలి?

1562 చివర్లో మలేరియా వచ్చి కొన్ని వారాల్లోనే జొవాన్నీ, ఇంకో కొడుకు గార్జియా, ఆ తర్వాత ఈవిడా పోయారు. ఆవిడకి నలభై. అన్నదమ్ములు పొడుచుకున్నారని, తండ్రే చంపాడని పుకార్లు పుట్టాయి, అవి మాత్రం నమ్మకండి.

1857లో మెడిచీల సమాధులు తెరిచాక ఇంకో కథ మొదలైంది, ఆవిణ్ని ఈ బొమ్మలోని గౌనుతోనే పాతిపెట్టారని. చాలాకాలం అదే చెప్పుకున్నారు. తర్వాత నిపుణులు ఆ చివికిపోయిన ముక్కల్ని ఏళ్ల తరబడి శుభ్రం చేసి, పేర్చి చూస్తే అది వేరే గౌను. దీనికంటే సాదాది, దానిమ్మ ఊసే లేదు. అసలు బొమ్మలో ఉన్న గౌను కుట్టనే లేదని, బ్రాంజీనో ఒక బట్ట ముక్కని ముందు పెట్టుకుని మిగతాదంతా ఊహించి వేశాడని అనే పరిశోధకులూ ఉన్నారు.

రెండూ ఫ్లోరెన్స్‌లోనే ఉన్నాయి. బొమ్మ ఉఫీజీ మ్యూజియంలో ఉంది. సమాధిలో దొరికిన గౌను ఆర్నో నది అవతల పిట్టీ ప్యాలెస్‌ దుస్తుల మ్యూజియం వాళ్ల దగ్గరుంది, ఆ ప్యాలెస్‌ని మెడిచీల కోసం కొన్నదీ ఈవిడే.